ఆక్సిజన్ సెన్సర్ గవాహీ: మార్చాల్సిన వఖ్త్ ఎవరు చెప్పాలి?

పోయిన ఎండాకాలం మా భాయిజాన్ కారులో ఇంజన్ బత్తీ వెలిగింది. చూపించిన చోట "రెండు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చేయాలి భాయ్, లక్ష కిలోమీటర్లు దాటిందిగా" అన్నారు. వాళ్ళు చెప్పిన హిసాబ్ విని భాభీ మొహం వాడిపోయింది. అవి పిల్లాడి కాలేజీ ఫీజుకని దాచిన పైసలు. "ఏవేవో చదువుతుంటావుగా, ఈ లక్ష లెక్క ఎక్కడిదో చెప్పు" అన్నాడు భాయిజాన్. ఆ సవాల్‌కు జవాబ్ వెతికితే దాదాపు యాభై ఏళ్ళ కిస్సా బయటపడింది.

ఇది 1976లో మొదలైంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం కారు పొగ మీద కఠినమైన కానూన్లు పెట్టింది. అక్కడ అమ్మాలంటే పొగలోని మూడు రకాల జహర్‌నీ బాగా తగ్గించాలి. ఆ మూడింటినీ ఒక్క డబ్బాలోనే విరిచెయ్యొచ్చు. ఆ డబ్బానే కెటలిటిక్ కన్వర్టర్. దానికో నఖరా ఉంది. ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి అందితేనే అది మూడింటి మీదా సరిగ్గా పనిచేస్తుంది. ఎక్కువైనా తక్కువైనా మొరాయిస్తుంది. ఆ తూకం చూసే చిన్న పరికరాన్ని జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసింది. స్వీడన్ వోల్వో కంపెనీ తన 240 సిరీస్ కార్లలో దాన్ని పెట్టి, 'ల్యామ్డా సాండ్' అనే బిళ్ళను కారు ముందు జాలీకి శాన్‌గా తగిలించింది.

దాని లోపలి ఇల్మ్ ఇంకా పాతది. జిర్కోనియాలో కొంచెం ఇట్రియా కలిపి బాగా వేడిచేస్తే కరెంటు దాన్లోంచి పోతుందని 19వ శతాబ్దం చివర్లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ కనిపెట్టి, దాంతో దీపం కూడా చేశాడు. సెన్సర్‌లోనూ అదే పింగాణీ. దానికి ఒక పక్క బయటి గాలి, మరో పక్క ఇంజన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న ఫరక్‌ను బట్టి వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దాకా, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. కంప్యూటర్ ఆ గవాహీ వింటూ ప్రతి క్షణం పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అందుకే మంచి సెన్సర్ ఒకచోట నిలవదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. 1980లలో చాలా కార్లకు ఆ గవాహీ నిజమో కాదో పరీక్షించే దారి లేదు. ఫోక్స్‌వాగన్ వంటి కార్లలో 30,000 మైళ్ళు, అంటే సుమారు 48,000 కిలోమీటర్లు తిరగ్గానే 'ఓఎక్స్ఎస్' అనే బత్తీ వెలిగేది. సెన్సర్ చెడిపోయిందని దాని మానా కాదు. ఆ బత్తీకీ సెన్సర్‌కీ రిష్తానే లేదు, అది మైళ్ళు లెక్కించే మీటరుకు కట్టింది! మార్చాక మెకానిక్ ఓ చిన్న బటన్ నొక్కి ఆర్పేవాడు. మార్చకుండా నొక్కినా ఆరిపోయేది. లక్ష దాటిందంటే మార్చడమేనని ఇవాళ్టికీ వినిపించే మాట ఆ జమానా వారసత్వమే.

అప్పట్లో అది మరీ బేకార్ సలహా కూడా కాదు. పాత సెన్సర్లకు లోపల హీటర్ లేదు, పొగ వేడితోనే మేల్కోవాలి. మసి పట్టి త్వరగా బీమార్ అయ్యేవి. 1982లో బాష్ హీటర్ పెట్టాక ఉమర్ పెరిగింది. హీటర్ లేనివి 50,000 నుంచి 80,000 కిలోమీటర్లు, హీటర్ ఉన్నవి లక్ష చుట్టుపక్కల, తర్వాత వచ్చిన పలక రకం 1,60,000 దాకా అని ఉజ్జాయింపుగా చెప్తారు.

వీటికి పెద్ద దుష్మన్ సీసం. పెట్రోలులో కలిపిన సీసం పింగాణీ మీద పొరలా పేరుకుని దాన్ని గుడ్డిదాన్ని చేసేది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడే సీసం లేని పెట్రోలునూ తెచ్చారు. దేశమంతటా అది దొరకడానికి 2000 ఫిబ్రవరి దాకా సబర్ చెయ్యాల్సి వచ్చింది. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ ఇంజన్లు మన ఇళ్ళ ముందుకు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే. మా మర్హూం అబ్బా నడిపిన అంబాసిడర్‌కు ఈ ఫికరే లేదు, పొగ ఫికర్ వెనకాల నడిచేవాళ్ళది.

ఇన్సాఫ్ మాత్రం మెల్లగా వచ్చింది. 1996 మోడల్ నుంచి అమెరికా కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. కన్వర్టర్ తర్వాత రెండో సెన్సర్ చేరింది, సెన్సర్ ఎంత చురుగ్గా ఊగుతోందో కంప్యూటరే చూడసాగింది. మన దగ్గర 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 వచ్చింది. దాంతోపాటు ఓబీడీ మొదలైంది. రెండో దశ 2013లో.

కాబట్టి ఇప్పుడు ఫైసలా మీటరుది కాదు. హీటర్ పోయిందని కోడ్ వస్తే ముందు ఫ్యూజు, వైర్లు చూసి, అవి బాగుంటే సెన్సర్ మార్చాల్సిందే. జవాబ్ ఇవ్వడానికి బద్ధకిస్తోందని పీ0133 లాంటి కోడ్ వచ్చి, ఎక్కడా గాలి లీకు లేదని తేలితే అప్పుడూ మార్చాలి. అలాంటి ముందు సెన్సర్‌ను వదిలేస్తే పెట్రోలు ఎక్కువ తాగి, సెన్సర్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అక్కడ కంజూసీ పనికిరాదు. ఇంజన్ ఆయిల్ తాగుతున్నా, కూలెంట్ లోపలికి కారుతున్నా ముందు ఆ మర్జ్‌కు ఇలాజ్ చెయ్యాలి, లేకపోతే కొత్తదీ అదే జహర్‌తో పోతుంది. పీ0420 వస్తే మాత్రం ఆగండి. అది కన్వర్టర్ పనితనం మీద వెనక సెన్సర్ చేసిన షికాయత్. చెడు ఖబర్ తెచ్చినందుకు గవాహ్‌నే పీకేస్తే షికాయత్ అలాగే ఉండిపోవచ్చు.

భాయిజాన్ కారులో వచ్చింది అదే పీ0420. విజయవాడ ఆటోనగర్‌లో ఓ ముసలి ఉస్తాద్ తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉండగా రమ్మన్నాడు. స్టార్ట్ చేయించి, వంగి చెవి పెట్టాడు. పొగ గొట్టం అతుకు దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు, పక్కనే నల్లటి మసి మరక. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి దూరుతుంటే వెనక సెన్సర్ ఉన్నదున్నట్టే చెప్పింది పాపం. గాస్కెట్ మార్చి కోడ్ చెరిపేశాడు. తొమ్మిది నెలలైంది, పాత సెన్సర్లు రెండూ కారులోనే ఉన్నాయి, బత్తీ మళ్ళీ వెలగలేదు. ఫీజు కట్టిన రసీదు భాభీ నాకు వాట్సాప్‌లో పంపింది.