పాళెగాళ్ల వత్తి తుపాకి
మధుర నాయక రాజ్యంలోని తెలుగు పాళెగాళ్లు వేటకూ యుద్ధానికీ వాడిన, మూతి నుంచి మందు దట్టించే తుపాకి. మీట నొక్కితే రాజుకున్న వత్తి రంజకపు గిన్నె మీద వాలుతుంది. మంట సన్నని రంధ్రం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. ఒక్కో గొట్టానికీ ఒక్కో కొలత గనుక గుండు దానికి తగ్గట్టే పోసుకోవాలి. వాన పడి వత్తి ఆరిపోతే మాత్రం బల్లెమే దిక్కు. ఆంగ్లేయులతో జరిగిన పాంచాలంకురిచ్చి పోరులో పొడవాటి బల్లేలకే ఎక్కువ పేరొచ్చింది. అక్కడి పాళెగాడు, తెలుగు కంబళ నాయకుల కులానికి చెందిన కట్టబొమ్మను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. 1801లో ఆంగ్లేయులు పాళెగాళ్లను నిరాయుధులను చేశారు.