బడి స్వయంపాలన: బళ్ళారి నివేదిక నుంచి యాజమాన్య కమిటీల వరకు

పాఠశాలలకు స్వయంపాలనాధికారం కల్పించడాన్ని ఇటీవలి సంస్కరణగా పరిగణించడం పరిపాటి. కాని తెలుగు ప్రాంతాలలో బడి నిర్వహణ ఒకప్పుడు స్థానికుల చేతిలోనే ఉండేది. ఆ స్వేచ్ఛ దేనిమీద ఉండేది, ఎవరికి దక్కింది అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా పరిశీలిస్తేనే నేటి కమిటీల బలాబలాలు తేటపడతాయి.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యావిచారణకు సమాధానంగా బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పటి బళ్ళారి జిల్లాలోనిదే. జిల్లాలో 533 బడులు ఉండగా వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. రామాయణ భారత భాగవతాలు అందరికీ ఉమ్మడి పాఠ్యాలు. వాటికి తోడు వృత్తిపనివారి పిల్లలు విశ్వకర్మ పురాణాన్నీ, లింగాయతుల పిల్లలు బసవపురాణాన్నీ చదివేవారు. భాషాభ్యాసానికి అమరం, ఆంధ్రనామసంగ్రహం, ఆంధ్రదీపిక వంటివి ఉపయోగపడేవి. ఈ గ్రంథాలను ఏ ప్రభుత్వ శాఖా నిర్ణయించలేదు. ఆయా సముదాయాల సంప్రదాయమే నిర్ణయించింది. కావ్యభాషను అర్థం తెలియకుండా వల్లెవేయిస్తున్నారని క్యాంబెల్ ఆక్షేపించిన మాట కూడా విస్మరించరానిది.

ఈ స్వేచ్ఛకు పరిమితులు లేకపోలేదు. మొత్తం 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందే. ఉపాధ్యాయుని జీవనం పిల్లల తల్లిదండ్రులు చెల్లించే రుసుముపై ఆధారపడింది. దేశం క్రమంగా పేదరికంలోకి జారడం వల్ల బడులు క్షీణిస్తున్నాయనీ, కొన్ని గ్రామాలలో సంపన్నుల పిల్లలకు మాత్రమే చదువు అందుతున్నదనీ క్యాంబెల్ స్వయంగా రాశాడు. అంటే ఆ స్వయంపాలన చెల్లించగలవారి స్వయంపాలన.

1854 నాటి వుడ్ తాఖీదు సహాయక గ్రాంటుల విధానాన్ని ప్రతిపాదించింది. సహాయంతోపాటు ప్రభుత్వ తనిఖీ కూడా బడిలోకి ప్రవేశించింది. దీనితో నిర్ణయాధికారం క్రమేణా గ్రామం నుంచి విద్యాశాఖకు తరలింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో చేసిన పాఠశాల విద్యలో ప్రజాభాగస్వామ్య చట్టం తల్లిదండ్రులకు కమిటీల రూపంలో తిరిగి చోటు కల్పించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలనీ, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలనీ నిర్దేశించింది. అభివృద్ధి ప్రణాళిక రచన, గ్రాంటుల వినియోగ పర్యవేక్షణ కమిటీ విధులు. పాఠ్యప్రణాళిక మాత్రం ప్రభుత్వం నిర్దేశించిన విద్యాసంస్థ పరిధిలోనే ఉంది.

వీధిబడికి పాఠ్యంపై అధికారం ఉన్నా అందరికీ ప్రవేశం లేదు. నేటి కమిటీలో అందరికీ స్థానం ఉన్నా పాఠ్యంపై అధికారం లేదు. పాత బడిని ఆదర్శీకరించడం వల్ల గాని, కమిటీల ఏర్పాటుతోనే సంతృప్తి చెందడం వల్ల గాని ఈ అంతరం పూడదు. స్థానిక సాహిత్యం, వృత్తిజ్ఞానం, ప్రాంతీయ పలుకుబడి వంటి వాటిలో కొంత భాగాన్నైనా ఎంపికచేసే అవకాశం కమిటీకి దక్కినప్పుడే ఈ రెండు పాయలూ కలుస్తాయి. ఆ ఎంపికకు తగిన సామగ్రిని సిద్ధపరచడం తెలుగు శాఖల బాధ్యత.