పది సంతకాలతో పుట్టే మనిషి



"సంఘం పెట్టుకున్నాం కదన్నా, మళ్ళీ రిజిస్ట్రేషన్ ఎందుకు?" అని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. ఈ భాగం ఆ ప్రశ్నకు జవాబు.

రిజిస్టర్ కాని సంఘానికి సొంత పేరున ఆస్తి ఉండదు. పదిమంది చందాలేసుకుని కొన్న అరెకరాన్ని ఎవరో ఒకరి పేరున రాయించాలి. ఆయన పోతే ఆ భూమి మాదేనంటూ కొడుకులు వస్తారు. ఇచ్చిన అప్పు ఎవరైనా ఎగ్గొడితే, సంఘం తన పేరున దావా వేయలేదు.

ఈ లోటును తీర్చిన చట్టం మన కోసం పుట్టలేదు. రైతుల అప్పుల మీద మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ 1895-97లో నివేదిక ఇచ్చాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టం పరపతి ఒక్కటే కాక ఇతర పనుల సంఘాలకూ దారి తెరిచింది. పద్దెనిమిదేళ్ళు దాటిన పదిమంది సంతకం చేస్తే చాలు. రిజిస్టరైన రోజు నుంచి సంఘం చట్టం దృష్టిలో ఒక మనిషి. ఆస్తి కొంటుంది, ఒప్పందం రాసుకుంటుంది, కోర్టుకెక్కుతుంది. సభ్యులు పోయినా అది ఉంటుంది.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. అప్పులిచ్చే సంఘమైతే సభ్యులంతా ఒకే ఊరివాళ్ళైనా కావాలి, లేదా ఒకే తెగ, వర్గం, కులం, వృత్తివాళ్ళైనా కావాలి. ఊరొక్కటే అని కాగితం అంటుంది. ఊరు వేరు, వాడ వేరు అని మనకు తెలుసు. ఊరి సంఘంలో మన చేతికి పెత్తనం రాదు. కులం అన్న ఆ మాటే మనకు సొంత సంఘం పెట్టుకునే సందు ఇచ్చింది. 1920 తర్వాత మద్రాసు లేబర్ శాఖ అణగారిన కులాలకు ఇళ్ళ స్థలాలిప్పించడానికి నడిపించింది కూడా సహకార సంఘాలనే.

కృష్ణా, గోదావరి లంక భూములు ఫీల్డ్ లేబర్ సొసైటీలకు లీజుకు వచ్చాయి. ఒంటరి కూలికి దొరకని లీజు సొసైటీకి దొరికింది. అయితే "సొసైటీ పేరు మనది, సాగు కామందుది" అన్న మాట కూడా ఆ ఊళ్ళలో విన్నాను. సంతకాలు మనవైనా, పుస్తకాలు వేరేవాళ్ళ ఇంట్లో ఉంటే జరిగేది అదే.

రెండో ప్రమాదం సర్కారు నుంచి. మద్రాసు 1932 చట్టం, హైదరాబాద్ 1952 చట్టం పోయి, వాటి స్థానంలో 1964లో ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం వచ్చింది. పాలకవర్గాన్ని రద్దుచేసి తన మనిషిని కూర్చోబెట్టే అధికారం రిజిస్ట్రార్‌కు దక్కింది. ప్రాణం పోసినవాడి చేతిలోనే గొంతు కూడా ఉందన్నమాట. ఆ పట్టును సడలించడానికే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, మనం మ్యాక్స్ అనేది, వచ్చింది. సర్కారు వాటాధనం తీసుకోని సంఘం తన బైలాలు తనే రాసుకుని, తన ఎన్నికలు తనే జరుపుకోవచ్చు. 2012 నుంచి సహకార సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) కింద ప్రాథమిక హక్కు కూడా.

కాబట్టి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే సరిపోదు. సభ్యత్వ రిజిస్టరు ఎక్కడుంది? మినిట్స్ ఎవరు రాస్తున్నారు? ఆడిట్ జరిగిందా? బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిది? మీ వాడలో పాత సొసైటీ ఉంటే, ముందు వెళ్ళి ఈ నాలుగూ అడగండి. అది కాగితం మీద ఇంకా బతికే ఉండొచ్చు. దాని పేరున భూమి కూడా ఉండొచ్చు.