సైనిక విద్యాలయంలో తొలి ఏడాది: చిత్తూరు, తిరుపతి ప్రాంతం

సైన్యాధికారి కావాలనుకున్న విద్యార్థి ఇల్లు విడిచి ఆవాస శిక్షణాలయంలో చేరిన రోజు నుంచి పై తరగతికి మారేదాకా గడిపే కాలాన్ని సైనిక విద్యాలయంలో తొలి ఏడాది అంటారు. దక్షిణ రాయలసీమ పిల్లలకు ఈ తొలి ఏడాది సాధారణంగా రెండుసార్లు ఎదురవుతుంది. పది, పన్నెండేళ్ల మధ్య వయసులో సైనిక పాఠశాల ఆరో తరగతిలో మొదటిసారి, ఇంటర్మీడియట్ స్థాయి చదువు ముగిశాక పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న జాతీయ రక్షణ అకాడమీలో రెండోసారి. ఈ ప్రాంతానికి చెందిన సైనిక పాఠశాల కలికిరిలో ఉంది. పేరు దగ్గరగా వినిపించినా రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ సైనిక పాఠశాల వేరు, దానికీ చిత్తూరుకూ సంబంధం లేదు.

పూర్వరంగం

విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన చంద్రగిరి కోట కాలం నుంచి పాలెగాళ్ల కాలం దాకా ఈ సీమలో ఆయుధ విద్య కుటుంబంలోనో, కట్టుబడి పద్ధతిలోనో సాగింది. కాపలాకూ యుద్ధసేవకూ బదులుగా భూమిని అనుభవించడాన్ని కట్టుబడి అనేవారు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. ఆ తరువాత పాలెగాళ్ల బలగాలు రద్దు కాగా, ఆయుధం పట్టదలచిన యువకుడికి మద్రాసు సైన్యంలో సిపాయిగా చేరడం ఒక్కటే దారిగా మిగిలింది. దక్షిణాది నుంచి వెళ్లిన కంపెనీ సిపాయిలను ఉత్తర భారతంలో తిలంగాలు అని పిలిచేవారంటే ఆ సైన్యంలో తెలుగువారి పాలు ఎంతో ఊహించవచ్చు. అయితే వారందరూ సిపాయిలే, అధికారి హోదా భారతీయులకు అందుబాటులో లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ కళాశాలలో భారతీయులకు ఏటా పది స్థానాలు కేటాయించడంతో ఆ పరిస్థితి కొంత మారింది. ఆ స్థానాలకు బాలురను తీర్చిదిద్దడానికి 1922 మార్చి 13న డెహ్రాడూన్‌లో సైనిక కళాశాలను ప్రారంభించారు. 1932లో అదే ఊళ్లో భారత సైనిక అకాడమీ ఏర్పడింది, దాని తొలి జట్టులోని నలభై మందిలో తరువాత ఫీల్డ్ మార్షల్ అయిన శాం మానెక్‌షా ఒకరు. స్వాతంత్ర్యానంతరం మూడు దళాలకూ ఉమ్మడిగా తలపెట్టిన అకాడమీకి 1949 అక్టోబరు 6న ఖడక్‌వాస్లాలో జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. 1955 జనవరిలో అది లాంఛనంగా ప్రారంభమైంది. ఈ సంస్థలన్నీ రాయలసీమకు దూరంలో ఉండేవి. దూరానికి తోడు ప్రవేశానికి కావలసిన ఆంగ్ల విద్య ఇక్కడి పల్లెల్లో దొరకకపోవడంతో అవి పేరుకే అందరివిగా ఉండిపోయాయి.

1961–62: సైనిక పాఠశాలల స్థాపన

అధికారుల ఎంపికలో కొన్ని ప్రాంతాల, కొన్ని వర్గాల పిల్లలే కనిపించడం కొత్త గణతంత్రానికి తగదన్న ఆలోచనతో రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ 1961లో సైనిక పాఠశాలల పథకాన్ని రూపొందించారు. ఖరీదైన ప్రైవేటు ఆవాస పాఠశాలల్లో సంపన్నుల పిల్లలకు దొరికే శిక్షణను సామాన్య కుటుంబాలకూ అందించి, వారిని జాతీయ రక్షణ అకాడమీకి సిద్ధం చేయడం దీని ఉద్దేశం. స్థలం, భవనాలు, ఉపకార వేతనాలు రాష్ట్రం వంతు. ప్రిన్సిపాల్ మొదలైన ముఖ్య పదవులకు సైనిక దళాల నుంచి అధికారులను పంపడం కేంద్ర రక్షణ శాఖ వంతు. స్వతంత్ర భారతం చేపట్టిన విద్యా ప్రయోగాల్లో దూరదృష్టి గలవాటిలో దీన్ని లెక్కించడం సమంజసం.

మొదటి పాఠశాల 1961 జూన్ 23న మహారాష్ట్రలోని సతారాలో ప్రారంభమైంది. జూలైలో పంజాబులోని కపుర్తలా, గుజరాతులోని బాలాచడి, నేటి హర్యానాలోని కుంజ్‌పురా, ఆగస్టులో చిత్తోడ్‌గఢ్ వరుసగా తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ వంతు 1962 జనవరి 18న వచ్చింది. విజయనగర సంస్థానాధిపతి పి.వి.జి. రాజు కోరుకొండ ప్యాలెస్‌ను ఇందుకు ఇచ్చారు. విజయనగరం దగ్గరి ఆ రాజభవనంలోనే కోరుకొండ సైనిక పాఠశాల వెలిసింది. ఎనిమిది రోజుల తరువాత కేరళలో కళక్కూట్టం పాఠశాల, అదే ఏడాది జూలైలో తమిళనాడులో అమరావతీనగర్ పాఠశాల, 1963లో కర్ణాటకలో బిజాపూర్ పాఠశాల ప్రారంభమయ్యాయి.

కోరుకొండ కాలం

1962 నుంచి 2014 దాకా చిత్తూరు జిల్లా బాలుడికి సైనిక పాఠశాల అంటే కోరుకొండే. సీట్లలో 67 శాతం సొంత రాష్ట్రం పిల్లలకే కేటాయించడం వల్ల ఇరుగుపొరుగు రాష్ట్రాల పాఠశాలల్లో ఇక్కడివారికి చోటు దొరకడం కష్టమయ్యేది. ఆ విధంగా రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న తిరుపతి పిల్లవాడు ఇనుప ట్రంకుపెట్టెతో రాత్రంతా రైలులో ప్రయాణించి ఉత్తరపు కొసకు చేరేవాడు. ఫోన్లు అరుదైన ఆ రోజుల్లో ఇంటి కబురు ఇన్‌ల్యాండ్ ఉత్తరంలో వచ్చేది. సెలవులు ఏడాదికి రెండు విడతలు కావడం వల్ల బెంగ పెట్టుకున్న పిల్లవాడు ఇంటిముఖం చూడడానికి నెలల తరబడి ఆగవలసి వచ్చేది. కోరుకొండలో చదివినవారిలో 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించి, మరణానంతరం మహావీర చక్ర పొందిన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు తెలుగువారికి సుపరిచితులు.

కలికిరి పాఠశాల

కలికిరి తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లె వెళ్లే దారిలో, పాకాల–ధర్మవరం రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రం. 2010 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేసేదాకా ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి స్వగ్రామం నగరిపల్లె ఈ మండలంలోనిదే. రాష్ట్రానికి మంజూరైన రెండో సైనిక పాఠశాల ఇక్కడికి రావడానికి ఆయన చొరవే కారణమని చెబుతారు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరగగా, రెండున్నర నెలలకు, ఆగస్టు 20న పాఠశాల ప్రారంభమైంది. రైలులో ఒక రాత్రి దూరంలో ఉన్న సైనిక పాఠశాల దీనితో బస్సులో కొద్ది గంటల దూరానికి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కలికిరి చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి మారింది.

ప్రవేశం దేశవ్యాప్త పరీక్ష ద్వారా జరుగుతుంది. ఆరో తరగతి ప్రశ్నపత్రం 300 మార్కులకు ఉంటుంది, అందులో సగం గణితానిదే, తక్కిన సగాన్ని భాష, సామాన్య జ్ఞానం, బుద్ధికుశలత సమంగా పంచుకుంటాయి. ఈ పరీక్షను తెలుగులో రాయవచ్చు. తొమ్మిదో తరగతిలో చేరదలచినవారికి మాత్రం ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. రాత పరీక్ష తరువాత వైద్య పరీక్షలోనూ నెగ్గాలి. 2021–22 విద్యాసంవత్సరం నుంచి అన్ని సైనిక పాఠశాలల్లోనూ బాలికలకు ప్రవేశం లభించింది, ఆరో తరగతిలో పది శాతం సీట్లు, లేదా కనీసం పది సీట్లు, వారికి కేటాయించారు.

ఆరో తరగతిలో తొలి ఏడాది

చేరిన రోజు నుంచి విద్యార్థిని క్యాడెట్ అంటారు. క్యాడెట్‌కు ఇచ్చే రోల్ నంబరు చొక్కాపైనా, పెట్టెపైనా, పక్కబట్టలపైనా ఉంటుంది. పూర్వ విద్యార్థులు దశాబ్దాల తరువాత కలుసుకున్నా పేరు కన్నా ముందు ఆ నంబరే చెప్పుకోవడం కద్దు. పిల్లలను హౌస్‌లుగా విభజిస్తారు. హౌస్ అంటే నివాస భవనమే కాదు, ఆటల్లో, కవాతులో, చదువులో ఇతర హౌస్‌లతో పోటీపడే జట్టు కూడా. చాలా సైనిక పాఠశాలల్లో కొత్తవారిని మొదట హోల్డింగ్ హౌస్ అనే ప్రత్యేక భవనంలో ఉంచుతారు. చిన్న పిల్లలు పెద్ద తరగతులవారి పెత్తనానికి నేరుగా గురికాకుండా అలవాటు పడడానికి వేసిన ఈ అడ్డుకట్ట మెచ్చదగినది. హౌస్ మాస్టర్ తండ్రి స్థానంలోనూ, మేట్రన్ తల్లి స్థానంలోనూ ఉండాలన్నది ఏర్పాటు.

దినచర్య సూర్యోదయానికి ముందే గంటతో మొదలవుతుంది. పిల్లలు లేచి పక్క సర్దుకుని, బూట్లు తొడుక్కుని ఫాలిన్ అవుతారు, అంటే వరుసల్లో నిలబడతారు. తరువాత పీటీ, లేదా డ్రిల్ అనే కవాతు, స్నానం, అల్పాహారం, ప్రార్థన సమావేశం, తరగతులు, మధ్యాహ్న భోజనం, కొద్ది విశ్రాంతి, సాయంత్రం ఆటలు ఉంటాయి. ప్రెప్ అనే పర్యవేక్షణలోని చదువు, భోజనం, హాజరు పిలుపు పూర్తయ్యాక దీపాలు ఆర్పుతారు. కొత్తవారికి ఇందులో కష్టమనిపించేది పరుగు కాదు, ఒక పనికీ మరో పనికీ మధ్య బట్టలు మార్చుకోవడానికి దొరికే నిమిషాలు. పీటీకి ఒక జత దుస్తులు, తరగతికి ఒకటి, ఆటలకు ఒకటి, రాత్రి భోజనానికి మరొకటి. అప్పటిదాకా అమ్మ చేతి మీదుగా తయారైన పిల్లవాడు బూటు పాలిష్, బొత్తాం కుట్టుకోవడం, దుప్పటి ముడత లేకుండా పరవడం వారాల్లో నేర్చుకోవలసి వస్తుంది.

భాషలోనూ భోజనంలోనూ మార్పు అంతే తీవ్రంగా ఉంటుంది. పాఠశాల కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలికి అనుబంధమైన ఆంగ్ల మాధ్యమ సంస్థ. తెలుగులో పరీక్ష రాసి నెగ్గిన పల్లె పిల్లవాడికి మర్నాటి నుంచి పాఠం ఆంగ్లంలో, కవాతు ఆజ్ఞలు హిందీలో వినిపిస్తాయి. ‘సావధాన్’, ‘విశ్రామ్’ మాటలు అర్థమయ్యే ముందే కాళ్లకు అలవాటవుతాయి. ఇంట్లో రాగి సంగటి, ఊరుబిండి చేత్తో కలిపి తిన్నవాడు మెస్‌లో చెంచా, ముల్లుచెంచా పట్టుకుని, నలుగురితో పాటు మొదలుపెట్టి నలుగురితో పాటు ముగించడం నేర్చుకుంటాడు. ఏడాది చివర సెలవులకు వచ్చిన పిల్లవాడు తిన్న కంచం తానే కడగబోతే ఇంటివాళ్లు వింతగా చూడడం ఈ ప్రాంతపు కుటుంబాల్లో పరిచితమైన దృశ్యం.

శిక్షల విషయం సైనిక విద్యలో ఎప్పుడూ వివాదాస్పదమే. క్యాడెట్ల పరిభాషలో రగడా అన్న హిందీ మాట ఉంది. తెలుగులో రగడ అంటే గొడవ, క్యాడెట్ల రగడా అంటే పై తరగతివారు విధించే పరుగులు, పిల్లిమొగ్గలు, పాకుళ్లు. ఓర్పు పెంచే సంప్రదాయంగా కొందరు దీన్ని సమర్థిస్తారు, పసివారి మీద దౌర్జన్యంగా మారే ప్రమాదముందని మరికొందరు విమర్శిస్తారు.

అకాడమీలో రెండోసారి తొలి ఏడాది

పన్నెండో తరగతి క్యాడెట్లు యూపీఎస్సీ నిర్వహించే జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాస్తారు. అందులో నెగ్గినవారికి సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూ ఉంటుంది, బృందపు పనులు, మానసిక పరీక్షలు, ముఖాముఖి కలిసిన ఇది ఐదు రోజులు సాగుతుంది. చిత్తూరువారికి దగ్గరలోని ఎంపిక కేంద్రం బెంగళూరు.

జాతీయ రక్షణ అకాడమీ శిక్షణ మూడేళ్లు, అంటే ఆరు టర్ములు. మొదటి రెండు టర్ములు కలిపితే తొలి ఏడాది. క్యాడెట్లు పద్దెనిమిది స్క్వాడ్రన్లలో నివసిస్తూ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ పట్టా కోసం చదువుతారు. అకాడమీ ముఖ్య భవనానికి సుడాన్ బ్లాక్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు చేసిన సేవకు గుర్తుగా సుడాన్ ప్రభుత్వం ఇచ్చిన విరాళం వల్ల ఆ పేరు వచ్చింది. కొత్త క్యాడెట్ డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అనే కవాతు పరీక్షలో ఉత్తీర్ణుడయ్యేదాకా సెలవు రోజున కూడా బయటికి వెళ్లడానికి వీలుండదు. తరగతుల మధ్య దూరాలకు సైకిలే వాహనం, అదీ వరుస తప్పకుండా తొక్కాలి. రెండో టర్ములో గ్రీన్‌హార్న్ అనే శిబిరం ఉంటుంది, కొండదారుల్లో పటం చూసి నడవడం అక్కడ నేర్పుతారు. ఈత తప్పనిసరి. మోటబావుల్లో దూకి ఈత నేర్చిన పాత తరం చిత్తూరువారికి ఇది ఆటగా ఉండేది. బోరుబావులు వచ్చి మోటబావులు ఎండిపోయాక పెరిగిన తరానికి ఈత కొత్తగా నేర్చుకోవలసిన విద్య అయింది.

అమెరికాలో 1802లో స్థాపించిన వెస్ట్ పాయింట్ అకాడమీలో తొలి ఏడాది విద్యార్థిని ప్లీబ్ అంటారు, ప్రాచీన రోమ్‌లో సామాన్య ప్రజను సూచించే మాట నుంచి ఈ పేరు పుట్టింది. అక్కడ పద్దెనిమిదేళ్లకు మొదటిసారి ఎదురయ్యే కట్టుబాటు సైనిక పాఠశాల నుంచి ఖడక్‌వాస్లా చేరిన విద్యార్థికి పదకొండేళ్లకే పరిచయమై ఉంటుంది. నేరుగా ఇంటి నుంచి వచ్చిన సహచరుడు బూటు పాలిష్‌తో, తెల్లవారుజాము గంటతో తంటాలు పడుతున్నప్పుడు ఇతడికి మిగిలే తీరిక ఈ మార్గానికి ఉన్న ప్రధాన ప్రయోజనం.

ప్రాంతంపై ప్రభావం

ఈ సీమ పల్లెల నుంచి సిపాయిగా చేరే దారి పాతదే. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లాన్స్ నాయక్ సాయితేజ కలికిరికి చేరువలోని కురబలకోట మండలానికి చెందినవారు. అధికారిగా చేరే దారి మాత్రం కలికిరి పాఠశాలతోనే ఇంటి దగ్గరికి వచ్చింది. బాలికలకు ఆ దారి పూర్తిగా తెరుచుకున్నది ఇంకా ఇటీవలే. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో మహిళలకు ఎన్‌డీఏ పరీక్ష రాసే అవకాశం కలిగింది. 2022లో చేరిన తొలి మహిళా క్యాడెట్లలో పదిహేడు మంది 2025 మే 30న శిక్షణ ముగించుకున్నారు. వారు ఖడక్‌వాస్లాలో తొలి ఏడాది గడిపేనాటికి సైనిక పాఠశాలల్లో ఆరో తరగతిలో చేరిన బాలికలు ఇంకా పాఠశాల చదువులోనే ఉన్నారు. తొలి ఏడాదిని రెండుసార్లు గడిపే అమ్మాయిలు ఆ బాలికల నుంచే రావాలి.