తీరపు తుపానులు - పలనాటి వారికి పాఠము

పలనాటి వారికి సముద్రము వినికిడియే గాని కనుచూపు కాదు. గురజాలనుండి బాపట్ల తీరమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. మనము బాగుగా నెరిగిన ప్రకృతి కోపము ఎండ. వేసవిలో రెంటచింతల ఉష్ణోగ్రత పత్రికల కెక్కుట ఏటేట చూచుచునే యున్నాము. అందుచేత తుపాను అనగానే "అది బందరు వారి బాధ" యని యూరకుండుట మనకు పరిపాటి యైనది. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో చరిత్రను బట్టి విచారింతము.

1859లో గుంటూరు, మచిలీపట్టణము జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరచిరి. గుంటూరు మరల ప్రత్యేక జిల్లా యైనది 1904లో. కావున ఆ నడుమ నలువదియైదేండ్లు పలనాటికిని జిల్లా ముఖ్యపట్టణము బందరే. ఆ కాలముననే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, పెనుగాలితో గూడి సముద్రము ఆ పట్టణముపై బడెను. ఇంచుమించు 30,000 మంది గతించిరని చెప్పుదురు. అంతకు పూర్వమే 1789లోను, 1839లోను కోరంగి రేవును ఉప్పెనలు ముంచియుండెను. 1864 అక్టోబరులో కలకత్తాకు గలిగిన తుపాను విపత్తు, ఆ పిమ్మట వానలు తప్పి వచ్చిన కరవులు కలసి, 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీసెను.

బంగాళాఖాతమున తుపానులకు రెండు ఋతువులు. ఒకటి వేసవి చివర, రోహిణి కార్తెకు ముందు వెనుకల. రెండవది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. ఎండకు కాగిన సముద్రజలము ఆవిరియై పైకెగయును. ఆ యావిరి మేఘమగునపుడు వెలువడు వేడిమియే సుడిగాలికి బలము. నేలమీదికి వచ్చిన పిదప ఆ యాహారము దొరకక గాలి నీరసించును. కాని మేఘములు మాత్రము తెచ్చిన నీటిని లోపలి సీమలపై కుమ్మరించును. పలనాటికి తుపానుతో గల సంబంధ మిదియే. 2023 డిసెంబరు 5న 'మిచౌంగ్' తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినపుడు, గాలి దెబ్బ తీరమునకు తగిలినను, చేలలోని ప్రత్తి, మిరప వానకు చెడినది మన వంటి మెట్ట గ్రామములలోను గదా!

ముందుజాగ్రత్త విలువను తెలుపుటకు రెండు సంవత్సరములను పోల్చిన చాలును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేల మంది మరణించిరి. హెచ్చరిక చాలినంతగా చేరలేదు. చేరినచోట తల దాచుకొన దగిన గట్టి మేడలు అరుదు. ఆ దుఃఖము పిమ్మట తీరమున ఆశ్రయ భవనములు లేచెను. బందరులో రాడారు నెలకొనెను. ఉపగ్రహముల సాయము దొరకెను. 1990 మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతమును మిక్కిలి ఘోరమైన తుపాను తాకెను. ముందుగా లక్షన్నరకు పైగా జనులను తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగా నుండెను. రెండు ఉప్పెనలును అన్నివిధముల సమానములని చెప్పరాదు. అయినను వేళకు అందిన మాట వేలకొలది ప్రాణములను నిలిపిన దనుట నిస్సందేహము.

ఐతే మాట అందుట వేరు, అర్థమగుట వేరు. రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు ఓడలవారి కొరకు. 1 మొదలు 4 వరకు జాగ్రత్తను, 5 మొదలు 7 వరకు ప్రమాదమును, 8 మొదలు 10 వరకు మహా ప్రమాదమును అవి తెలుపును. 11 యన్నచో వార్తా సంబంధములు తెగిన వని యర్థము. మన రైతులు చూడవలసినవి జిల్లాల వారీ వర్ష సూచనలు. పసుపు రంగు గమనింపు మనును. నారింజ రంగు సిద్ధపడు మనును. ఎరుపు వెంటనే పూనుకొను మనును.

సిద్ధపడుట యన నేమి? కల్లములోని మిరపను, ఏరిన ప్రత్తిని ఎత్తి కప్పుట. పొలములోని నీరు పోవుటకు కాలువలు తీయుట. గొడ్లను పాత గోడల చాటునుండి తొలగించుట. త్రాగునీరు, దీపములు ముందే సమకూర్చుకొనుట. పొంగిన వాగులో కాలు పెట్టకుండుట. ఇందులో ఖర్చు స్వల్పము. కావలసినది ఒక్క దినము ముందుగా తెలియుట.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని గలదు. చదువను వ్రాయను రాని వృద్ధుడు సైతము సాయంకాలమునకు వచ్చి "నేటి వార్త యేమి?" యని యడుగు చోటు ఇది. తుపాను దినములలో వాతావరణ ప్రకటనను నల్లబల్లపై పెద్ద యక్షరములతో వ్రాసి, రాని వారికి చదివి వినిపించుట మన పాఠకులు చేయదగిన సేవ. ప్రతి యేటి వానను, నష్టమును ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో అది రాబోవు తరమునకు మన యూరి చరిత్ర యగును. ఈ రజతోత్సవమున అట్టి పుస్తకమునకు మొదటి పుట తెరతుమని నా మనవి.