తాండవకు అవతలి పేట

విశాఖపట్నం నుంచి విజయవాడ వైపు వెళ్ళే రైలు తుని స్టేషన్లోకి వచ్చే ముందు తాండవ నది దాటుతుంది. వంతెనకు ముందున్న ఊరు పాయకరావుపేట, వంతెన తరవాతిది తుని. సామాన్ల కోసం పైకి చెయ్యి చాచిన ప్రయాణికుడికి ఆ రెండూ ఒకే ఊరు. ఏటి అవతల ఇళ్ళు మొదలైతే ఊరు వచ్చినట్టే లెక్క. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా పాయకరావుపేటను తుని శివారుగానే చూస్తారు: డాబా ఇళ్ళు, బళ్ళు, సాయంత్రం కూరల బేరాలు, పొద్దున్నే ఏరు దాటి పనికి పోయే జనం. కాగితాల మీద సంగతి వేరు. తుని పిన్‌కోడ్ 533401, పాయకరావుపేటది 531126. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేదాకా ఇటు బండి నంబరు ఏపీ 5, అటు బండి నంబరు ఏపీ 31. తుని మున్సిపాలిటీ, పాయకరావుపేట పంచాయతీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చినప్పుడు తూర్పుగోదావరి పోయి తునికి కాకినాడ జిల్లా వచ్చింది, విశాఖ పోయి పాయకరావుపేటకు అనకాపల్లి జిల్లా వచ్చింది. పేర్లు మారాయి గాని ఏటి మీద గీత చెరగలేదు. ఒక ఇళ్ళ పేటకు చరిత్ర ఏముంటుందని అడిగేవారికి ఈ పేట మంచి జవాబు. అది శివారుగా పుట్టలేదు. పనిచేసే ఊరుగా పుట్టి, పంతొమ్మిదో శతాబ్దం చివర శివారుగా మారింది. ఆ మార్పుకు జిల్లా హద్దును తప్పుపట్టడం అలవాటైపోయింది గాని, సాక్ష్యం రైలు వైపు చూపిస్తోంది.

హద్దును తప్పుపట్టేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తాండవ ఇటీవల గీసిన గీత కాదు. పాయకరావు అన్నది అనకాపల్లి, సత్యవరం ప్రాంతాల్ని ఏలిన కాకర్లపూడి వారి బిరుదు. పేట పేరులోనే అవతలి గట్టు దొరతనం ఉంది. ఇవతలి గట్టున తుని వత్సవాయి వారి కొట్టాం జమీందారీకి కేంద్రం. ఇంగ్లీషు పాలనలో ఈ తేడా తాలూకాల్లోకి ఎక్కింది. తుని గోదావరి జిల్లాలో జమీందారీ తహసీలు. పాయకరావుపేట విశాఖపట్నం జిల్లా సర్వసిద్ధి తాలూకాలోకి వెళ్ళింది. ఆ తాలూకా కచేరీ యలమంచిలిలో, పన్ను నేరుగా సర్కారుకు. తుని రైతు శిస్తు జమీందారు ఠాణాకు కడితే, ఏటి అవతల సర్కారు గ్రామాల రైతు జమాబందీలో కలెక్టరు మనిషి ముందు నిలబడేవాడు. వ్యాజ్యం పడితే ఒకరు రాజమండ్రి వైపు, ఒకరు విశాఖ వైపు నడిచేవారు. ఒకే ఏటి నీళ్ళు తాగేవాళ్ళకు రెండు కచేరీలుంటే ఊరు ఎదగదు అనడం వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఈ వాదన నిలవాలంటే హద్దు ఉన్న కాలమంతా పాయకరావుపేట తునికి వెనకే ఉండి ఉండాలి. అలా లేదు.

ఆధారం బట్టల లెక్కల్లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు గెజిటీర్లు విశాఖపట్నం సీమ చేతిపనుల గురించి చెప్పేటప్పుడు పుంజం బట్టను ముందు చెబుతాయి. అది నేసే చోట్లుగా నాలుగు పేర్లు వరసగా వస్తాయి: అనకాపల్లి, పాయకరావుపేట, నక్కపల్లి, తుని. పుంజమంటే నూట ఇరవై నూలు పోగులు. పడుగులో ఎన్ని పుంజాలుంటే బట్ట అంత పుంజాల బట్ట. పది పుంజాలంటే 1,200 పోగులు, అది ముతక రకం. నలభై పుంజాలంటే అదే పన్నాలో 4,800 పోగులు. పోగుల సంఖ్య నాలుగింతలైనా పన్నా పెరగదు కాబట్టి నూలు అంత సన్నం కావాలి, అచ్చు పళ్ళు అంత దగ్గర కావాలి, పడుగు తెగకుండా గంజి అంత జాగ్రత్తగా పట్టించాలి. రాట్నం తిప్పే ఆడవాళ్ళ వేళ్ళ దగ్గర్నుంచి మగ్గం గుంటలో కూచున్నవాడి కాలి దాకా అందరి పనితనమూ ఆ ఒక్క అంకెలో తేలేది. కొనేవాడు చెయ్యి వేసి చూసే పనిలేకుండా పుంజాల లెక్క చెబితే రకం తెలిసిపోయేది. ఈస్టిండియా కంపెనీ తన కొనుగోళ్ళ దస్తరాల్లో రకాలను ఈ లెక్కనే రాసుకుంది. విశాఖపట్నంలో, యానాం పక్కన ఇంజరంలో, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, బెండమూర్లంకలో కంపెనీ గిడ్డంగులు పెట్టింది ప్రధానంగా ఈ కోస్తా బట్ట కోసమే.

గెజిటీరులో ఒక్క వాక్యం పట్టుకుని ఇంత కథ అల్లవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. గెజిటీరు రాసేవాడికి చోటు తక్కువ. జిల్లా మొత్తంలో నాలుగు ఊళ్ళ పేర్లే రాశాడంటే ఆ నాలుగూ పక్క ఊళ్ళకన్నా స్పష్టంగా పైన ఉండబట్టే. అంతకన్నా ముఖ్యం, ఆ పేర్లలో తుని, పాయకరావుపేట రెండూ ఉండడం. ఒకటి జిల్లా లోపలిది, ఒకటి జిల్లా దాటినది. నేత సంగతి వచ్చేసరికి రాసినవాడు జిల్లా గీత మరిచిపోయి తునిని తెచ్చి విశాఖ జాబితాలో కలిపేశాడు. బేరగాళ్ళ లెక్కలో ఏటికి రెండు గట్లున్నా నేతసీమ ఒకటే. ఇంకో సంగతి, ఈ నాలుగు ఊళ్ళూ మద్రాసు నుంచి కలకత్తా పోయే పాత పెద్ద బాట మీదివే. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరుగుప్రయాణంలో కలకత్తా నుంచి మద్రాసుకు దిగివచ్చింది ఈ తీరపు బాటనే. పల్లకీలు, ఎడ్లబళ్ళు, పటాలాలు, యాత్రికులు అంతా ఇటే. వానాకాలంలో ఏరు పొంగితే బాట మీది జనం రెండు గట్ల మీదా ఆగిపోవాలి. మజిలీలున్న చోటే అంగళ్ళు పుడతాయి, అంగళ్ళున్న చోటే పేటలు పుడతాయి. తుని, పాయకరావుపేట జంటగా పెరగడానికి ఇంతకుమించి కారణం వెతకనక్కరలేదు. బాట నడిచినంతకాలం రెండు గట్లూ సమానమే.

సాలెవీధి అంటే ఇళ్ళ వరస మాత్రమే కాదు, పనిచేసే చోటు. పడుగును బారుగా సాచి, కర్రల మీద ఆనించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. దానికి ఇంటి వసారా చాలదు, తెల్లవారుజామున వీధంతా కావాలి. అందుకే కోస్తాలో నేతపేటలు చాలావాటిలో వీధులు తిన్నగా ఉంటాయి, ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నేత ఆగిపోయాక ఇలాంటి వీధి కాపురాలకు బాగా కుదురుతుంది. శివారు కాలనీ వేసినవాడు కోరుకునేది కూడా ఇదే: తిన్నటి వీధి, ఎదురెదురు గుమ్మాలు. పేట ఇళ్ళపేటగా మారడంలో గోడలు కూల్చే అవసరం పెద్దగా రాదు, మగ్గం గుంట పూడిస్తే గది తయారు.

ఇక రైలు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893, 1896 మధ్య వేశారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో తెరిచాక మద్రాసు వైపు బండ్లు ఆగకుండా నడిచాయి. గోదావరి జిల్లా అనగానే అందరికీ కాలువలు, కొబ్బరితోటలు గుర్తొస్తాయి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రాత మారింది నిజమే, కాని ఆ కాలువ నీళ్ళు తుని దాకా రావు. తునిది చెరువుల కింద, వాన కింద, కొండవార తోటల కింద బతికే నేల. డెల్టాకు కాలువ తెచ్చిన అదృష్టం తునికి రైలు తెచ్చింది. స్టేషను తుని గట్టున పడింది. నర్సీపట్నం మీదుగా ఏజెన్సీకి పోయే దారి తుని నుంచే చీలుతుంది కాబట్టి కొండ సరుకు, మామిడి, తమలపాకు అన్నీ ఆ స్టేషనుకే దిగాయి. పాయకరావుపేటకు స్టేషను లేదు. ఇప్పుడు ఆ నాలుగు పేర్లూ మళ్ళీ చూడండి. స్టేషను దక్కిన అనకాపల్లి బెల్లం బజారై, ఈనాడు జిల్లా కేంద్రమైంది. స్టేషను దక్కిన తుని మున్సిపాలిటీ అయింది. బాటనే నమ్ముకున్న నక్కపల్లి, పాయకరావుపేట పంచాయతీలుగా మిగిలాయి. అనకాపల్లి సంగతిలో ఒక మెలిక ఉంది, ఒప్పుకోవాలి. రైలు రాకముందే, 1870లలోనే అక్కడ మున్సిపాలిటీ ఉంది. కాబట్టి దాన్ని రైలు ఒక్కటే పెంచిందనలేం. తుని, పాయకరావుపేటల సంగతిలో ఆ చిక్కు లేదు. నేల ఒకటే, నేత ఒకటే, బాట ఒకటే. మధ్యలో ఉన్నది ఏరు, మారినది స్టేషను. గీత గీసిన జిల్లాలకు రైలు ఏనాడూ లొంగలేదు కూడా. ఇప్పటికీ విజయవాడ డివిజను హద్దు తాండవ దగ్గర ఆగదు, ఏరు దాటి దువ్వాడ దాకా పోతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. నేతను చంపింది రైలు కాదు, మాంచెస్టరు. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది, ఇంజరం, మాధవాయపాలెం గిడ్డంగులు అంతకుముందే మూతపడ్డాయి. మరనూలు, మరబట్ట వచ్చి పడ్డాయి. రైలు కూత వినబడేనాటికే పుంజాల బట్ట సగం చచ్చింది. ఇదంతా నిజమే. అయితే ఆ దెబ్బ రెండు గట్లకూ తగిలింది. తుని నేతగాడికి మాంచెస్టరు ప్రత్యేకంగా ఏ దయా చూపలేదు. కోల్పోయింది సమానం, బదులు దొరకడంలోనే తేడా. స్టేషను చుట్టూ మండీలు, గిడ్డంగులు, బియ్యం మిల్లులు, సత్రాలు లేస్తే, మగ్గం దిగినవాడికి మరో కూలి ఆ గట్టునే దొరికింది. అవతలి గట్టువాడు అదే కూలికి వంతెన దాటి రావాలి, సాయంత్రం ఇంటికి పోవాలి. పని ఒక గట్టున, పడక ఒక గట్టున ఉండే ఊరినే శివారు అంటాం. స్టేషను కూతవేటు దూరమే కదా, దాని మేలు ఇద్దరికీ సమానం కదా అని ఇంకొకరు అనవచ్చు. ప్రయాణికుడికి సమానమే. సరుకుకు కాదు. కొట్టు అద్దె, బజారు పన్ను, దళారీ రుసుము, చివరికి పేరు కూడా స్టేషనున్న ఊరికే పోతాయి. సత్యవరం వైపు తోటల్లో కోసిన తమలపాకు కూడా బండెక్కేసరికి తుని ఆకే అవుతుంది. మామిడి సంగతీ అంతే.

హద్దు పేటను ముంచలేదు సరికదా, చాలావరకు కాపాడిందని నా అభిప్రాయం. పోల్చడానికి కాకినాడలో జగన్నాథపురం ఉంది. ఉప్పుటేరుకు అవతల డచ్చివారి వ్యాపారపు పేట. కాకినాడ రేవుగా పెరగకముందే దానికి పేరుంది. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఏరు అడ్డున్నా జిల్లా ఒకటే కావడంతో పట్నం పెరిగి దాన్ని కలిపేసుకుంది. ఇప్పుడది కాకినాడలో ఒక భాగం, అంతే. పాయకరావుపేటకు ఆ గతి పట్టలేదు. అవతలి జిల్లా కాబట్టి తుని మున్సిపాలిటీ దాన్ని వార్డుగా లాక్కోలేకపోయింది. 1985లో మండలాలు వచ్చినప్పుడు తనకంటూ మండల కచేరీ వచ్చింది. దాని పేర శాసనసభ నియోజకవర్గం ఉంది, 2024 నుంచి రాష్ట్ర హోం మంత్రి అక్కడి ఎమ్మెల్యే. శ్రీప్రకాశ్ విద్యాసంస్థలు అక్కడే పాదుకోవడంతో ఇప్పుడు పొద్దున్నే వంతెన మీద పిల్లలు తుని నుంచి పేటకు పోతున్నారు. ఒక్క ఊరికి రెండు పోలీసు స్టేషన్లు, రెండు రెవెన్యూ కచేరీలు ఉండడం వృథా అని, కలిపేస్తే మురుగు, మంచినీరు, ఏటి గట్లు ఒక చేతి మీద బాగుపడతాయని అనేవారి మాటలో న్యాయం ఉంది. ఏరు పొంగినప్పుడు అది ఏ జిల్లా నీరో చూసుకోదు. ఆ పనులకు ఉమ్మడి ఏర్పాటు చేసుకోవచ్చు. దానికోసం పేటను తుని చివరి వార్డుగా మార్చాల్సిన అవసరం లేదు.

ఈమధ్య గాలి మళ్ళీ బాట వైపు తిరుగుతోంది. జాతీయ రహదారి 16 మీద లారీలు రైలు సరుకును పంచుకున్నాయి. నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. స్టేషను లేక వెనకబడిన ఊరికి రోడ్డు పుణ్యాన ఫ్యాక్టరీలు వస్తున్నాయి. అవి నిలదొక్కుకుంటే పేటలోని కాపురాలు పనికి తుని వైపు కాకుండా నక్కపల్లి వైపు బస్సెక్కే రోజు రావచ్చు. అప్పుడు దీన్ని తుని శివారు అనడం కూడా తప్పవుతుంది. మందుల ఫ్యాక్టరీ తెచ్చే నీళ్ళ గొడవ, గాలి గొడవ వేరే వ్యాసం.

చరిత్ర రాసేవారికి మాత్రం ఒక్క విన్నపం. మన జిల్లా చరిత్రలు జిల్లా గీత దగ్గర కలం ఆపేస్తాయి. గోదావరి చరిత్ర తునితో ముగుస్తుంది, విశాఖ చరిత్ర పాయకరావుపేటకు వచ్చేసరికి అలసిపోతుంది. అందుకే ఏటి రెండు గట్ల నేతా ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. పుంజం లెక్క తెలిసిన నేతింటి పెద్దలు ఇంకా ఉండగానే, సాలెవీధుల పాత దస్తావేజులు చెదలు తినకముందే, రెండు జిల్లాల కళాశాలల చరిత్ర శాఖలు కలిసి ఆ పని చేపట్టాలి. తుని స్టేషన్లో దిగి, వంతెన మీదుగా నడిచిపోతే చాలు, మొదలుపెట్టవచ్చు.