ట్యాంకులో పగడం, బాలిలో చితికిన బతుకు: ఎగుమతి నిషేధాల కథ

ఇన్‌స్టాలో రీల్స్ తిప్పుతుంటే మీకూ కనిపించే ఉంటాయి. నీలం లైటు, గాజు తొట్టి, లోపల ఆకుపచ్చగా, గులాబీగా మెరిసే పగడాలు, మధ్యలో ఓ నీమో చేప. కింద కామెంట్లలో "బ్రో, ఎంతయింది?" అని అడిగేవాళ్లే తప్ప, "ఇది ఎక్కడ్నించి వచ్చింది?" అని అడిగేవాళ్లు తక్కువ. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ రెండో ప్రశ్న మీద.

ముందు ఒక చిన్న క్లారిటీ. మన ఇళ్లలో పగడం అంటే మంగళసూత్రంలో నల్లపూసల పక్కన గుచ్చే ఎర్రపూస. లేదంటే కుజదోషం ఉందని చేయించుకునే ఉంగరం. అది వేరే జీవి, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల దొరికేది. మనం మాట్లాడుకునేది రీఫ్ కట్టే పగడాల గురించి. వెచ్చటి, లోతు తక్కువ నీళ్లలో వేల చిన్న చిన్న జీవులు కలిసి సున్నపురాయి లాంటి ఇల్లు కట్టుకుంటాయి. అవి చచ్చిపోయాక ఆ రాతి గూడు మిగులుతుంది. దాని రంధ్రాల నిండా బ్యాక్టీరియా, పురుగులు, ఊదారంగు నాచు చేరతాయి. దాన్నే వ్యాపారంలో లైవ్ రాక్ అంటారు. రాయి బతికి ఉండదు, రాయిలో ఉన్నవి బతికి ఉంటాయి.

ఈ రాయి ఎందుకంత ముఖ్యం? చేప వదిలే మలినంలోంచి అమ్మోనియా వస్తుంది. సముద్రంలో అది కొట్టుకుపోతుంది. తొట్టిలో మాత్రం చేపనే చంపేస్తుంది. రాతిలోని బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని మార్చి, విషం తగ్గిస్తుంది. అంటే ఆ రాయే ఫిల్టర్ అన్నమాట. ఈ సంగతిని హాబీ ప్రపంచానికి చెప్పింది ఎవరో ల్యాబ్ సైంటిస్టు కాదు, జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ అనే ఆయన. 1961లో ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతి గురించి రాశాడు. సముద్రపు నీళ్లు, సముద్రపు రాళ్లు, ఎండ, కొంచెం గాలి బుడగలు, అంతే. ఇండోనేషియా పేరు గుర్తుపెట్టుకోండి, కథ తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఆయన మాట అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బెర్లిన్ హాబీయిస్టులు అదే పట్టుకుని, మంచి లైట్లు, నురగ తీసే స్కిమ్మర్ తోడు చేశారు. 1980ల రెండో సగంలో అమెరికాలో మినీ రీఫ్ పిచ్చి పట్టుకుంది. అప్పటి లెక్క ప్రకారం 400 లీటర్ల ట్యాంకుకి సుమారు 50 నుంచి 100 కిలోల రాయి కావాలి. ఒక్క ట్యాంకుకి! ఆ రాయంతా ఎవరో ఒకరి సముద్రంలోంచి రావాల్సిందే కదా.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. ట్యాంకుల కంటే ముందు పగడాల వ్యాపారం షోకేసులది. ఎండబెట్టి తెల్లగా చేసిన పగడపు కొమ్మలు. అందులో 1970లలో నంబర్ వన్ ఫిలిప్పీన్స్, కొనేవాళ్లలో నంబర్ వన్ అమెరికా. 1977లో మార్కోస్ ప్రభుత్వం డిక్రీ 1219 తెచ్చి పగడాల సేకరణకీ, ఎగుమతికీ కళ్లెం వేసింది. 1980లో దాన్ని ఇంకా బిగించింది. మరి ఆగిందా? 1980లలో కూడా ఫిలిప్పీన్స్ పగడాలు అమెరికా దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి. అమ్మే దేశం వద్దంది, కొనే దేశం అడగలేదు. అదే ఫిలిప్పీన్స్‌లో రీఫ్‌ల మీద బాంబులేసి చేపలు పట్టడం కూడా ఎగుమతి చట్టంతో ఆగలేదు. పోర్టు దగ్గర తాళం వేస్తే సముద్రానికి తాళం పడదు.

ఈ లోటు పూడ్చడానికి వచ్చిందే సైటిస్ ఒప్పందం. ఏ జీవి దేశం దాటాలన్నా, అది లిస్టులో ఉంటే పర్మిట్ ఉండాలి. 1980లలో కొన్ని రకాల పగడాలు చేరాయి. 1990 నుంచి రాతి పగడాలన్నీ రెండో అనుబంధంలోకి వచ్చేశాయి. రెండో అనుబంధం అంటే నిషేధం కాదు, బాగా గుర్తుపెట్టుకోండి. అమ్ముకోవచ్చు, కానీ అడవిలో, సముద్రంలో ఆ జాతికి ముప్పు రాదని అమ్మే దేశం తేల్చి పర్మిట్ ఇవ్వాలి. లైవ్ రాక్ కూడా దీని కిందికే వస్తుంది. పగడాన్ని ముక్కల లెక్కన, రాయిని కిలోల లెక్కన రాస్తారు. శిలాజమైపోయిన పాత పగడపు రాయికి మాత్రం ఈ గొడవ లేదు. ఆ మినహాయింపు తర్వాత చాలామందికి పనికొచ్చింది, చెప్తా.

ఇక రాయి కథ. అమెరికావాళ్లకి సొంత రీఫ్ ఉంది, ఫ్లోరిడాలో. మొదట్లో లైవ్ రాక్ అక్కడి నుంచే తవ్వుకున్నారు. అయితే ఆ రాయి వేల ఏళ్లలో ఏర్పడింది, తీసినంత వేగంగా మళ్లీ రాదు. రాష్ట్ర ప్రభుత్వం తన సముద్రంలో 1980ల చివర్లోనే ఆపేసింది. ఆ పైన ఉన్న ఫెడరల్ జలాల్లో కూడా 1997కల్లా తవ్వకం మూసేశారు. కానీ ఊరికే మూసేయలేదు, ఒక దారి వదిలారు. క్వారీలోంచి సున్నపురాయి కొనుక్కో, సముద్రంలో లీజుకిచ్చిన చోట దింపు, నాచు, జీవాలు పట్టాక తీసి అమ్ముకో. ఒకటే షరతు, నువ్వు దింపిన రాయి అక్కడి సహజ రాయిలా కనిపించకూడదు. ఇన్‌స్పెక్టర్ చూడగానే తేడా తెలియాలి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందరికంటే తెలివైన రూల్ ఇదే.

అయినా గిరాకీ దానికి పదింతలుంది. అది ఎక్కడికి వెళ్లింది? ఫిజీకి. ఫిజీలో తీరం పక్క సముద్రం మీద ఊరివాళ్లకి తరతరాల హక్కుంటుంది, దాన్ని ఖోలిఖోలి అంటారు. కంపెనీ ఊరితో మాట్లాడుకుంటుంది. అలలు వెనక్కి వెళ్లినప్పుడు ఊరివాళ్లు ఇనుప గునపాలతో రీఫ్ అంచుని పెకలించి, వెదురు తెప్పల మీద ఒడ్డుకి తెస్తారు. కంపెనీ షెడ్డులో ఉప్పునీళ్లు చల్లి శుభ్రం చేసి, పెట్టెల్లో పెట్టి విమానం ఎక్కిస్తారు. ఏటా వందల టన్నులు. ఫ్లోరిడా రీఫ్‌ని కాపాడిన చట్టం వల్ల ఫిజీ రీఫ్ పోయింది అనడం కొంచెం ఎక్కువే, కానీ భారం మాత్రం అటే జరిగింది. రాయి మోసినవాళ్లకి కిలోకి దక్కింది చిల్లర. అసలు డబ్బంతా అవతలి ఒడ్డున కౌంటర్ మీదే.

2017 డిసెంబర్‌లో ఫిజీ కూడా పగడాల, లైవ్ రాక్ ఎగుమతి ఆపేసింది. ఇక్కడ మలుపు చూడండి. ఈసారి వ్యాపారం ఇంకో దేశానికి పెద్దగా పారిపోలేదు. నేల మీద తవ్విన శిలాజ రాయి, సిమెంటుతో చేసి ఊదారంగు పూసిన రాయి, సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. హాబీ వాటికి అలవాటు పడిపోయింది. పాత చేతులు ఇప్పటికీ గొణుగుతారు, ఎండు రాయితో మొదలుపెడితే ట్యాంకు నెలల తరబడి గోధుమరంగు జిగురు పట్టి చూడలేకపోతామని. నిజమే, పడుతుంది. సర్దుకోవడానికి టైమ్ కావాలి, అంతే.

రాయికి బదులు దొరికింది. ప్రాణమున్న పగడానికి?

ఇప్పుడు ఇండోనేషియా. ఫిలిప్పీన్స్ తప్పుకున్నాక ప్రపంచంలో పగడాల అతి పెద్ద ఎగుమతిదారు ఈ దేశమే. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒక రిపోర్టు వేసింది. అప్పట్లో ఏటా 1 కోటి 10 లక్షల నుంచి 1 కోటి 20 లక్షల పగడపు ముక్కలు అమ్ముడవుతున్నాయని అంచనా. అందులో సింహభాగం ఇండోనేషియాదే. యూరప్ కొన్ని జాతుల దిగుమతిని ఆపి ఒత్తిడి తెచ్చింది. దాంతో ఇండోనేషియా సాగు వైపు జరిగింది. బాలి తీరాల్లో ఇది ఎలా చేస్తారంటే, తల్లి పగడం నుంచి వేలెడంత కొమ్మ విరుస్తారు, చిన్న సిమెంటు దిమ్మకి అంటిస్తారు, లోతు తక్కువ నీళ్లలో ఇనుప బల్లల మీద వరసగా పెడతారు. నెలల తరబడి నీళ్లలో దిగి నాచు గీకుతూ ఉండాలి. మన గోదావరి జిల్లాల నర్సరీలో అంటు కట్టి, కుండీలు వరసగా పేర్చినట్టే, కాకపోతే నీళ్లలో. ఒకప్పుడు చేపల కోసం రీఫ్ మీద సైనైడ్ కొట్టిన ఊళ్లలో కూడా ఇలాంటి బల్లలు వచ్చాయి.

2018 మే నెల. ఇండోనేషియా సముద్ర, మత్స్య శాఖ మంత్రి సుసీ పుజియాస్తుతి. పేరు వినే ఉంటారు, దొంగతనంగా చేపలు పట్టే విదేశీ ఓడల్ని పట్టుకుని సముద్రంలో ముంచేయించిన మంత్రి. జనంలో ఆమెకి మామూలు క్రేజ్ కాదు. ఆమె శాఖ పగడాలకి హెల్త్ సర్టిఫికెట్ ఇవ్వడం ఆపేసింది. పార్లమెంటులో కొత్త చట్టం లేదు, పెద్ద ప్రకటన లేదు. ఒక్క కాగితం ఆగింది. ఆ కాగితం లేకుండా పెట్టె విమానం ఎక్కదు.

చిక్కేంటంటే, అప్పట్లో ఇండోనేషియాలో సైటిస్ పర్మిట్ ఇచ్చింది అటవీ, పర్యావరణ శాఖ. వాళ్లు కోటా ఇస్తారు, వీళ్లు సర్టిఫికెట్ ఆపుతారు. రైతు చేతిలో ఒక ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ ఉంది, అదే ప్రభుత్వం కట్టిన గోడ ముందుంది. మన దగ్గర రెవెన్యూ ఆఫీసుకీ, అటవీ శాఖకీ మధ్య నలిగిన రైతుల కథలు విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ఇంకో పెద్ద సమస్య, ఈ ఆపడంలో సముద్రంలో కోసిన పగడం, బల్ల మీద పెంచిన పగడం అని తేడా చూడలేదు. రెండూ ఆగిపోయాయి. న్యాయంగా చెప్పాలంటే, శాఖవాళ్లకి అనుమానం ఊరికే రాలేదు. సాగు అనే లేబుల్ అంటించి సముద్రంలో కోసింది పంపడం ఈ వ్యాపారంలో పాత జబ్బే. పైగా పగడాలన్నీ ఒకటి కావు. కొమ్మలేసే అక్రోపోరా గబగబా పెరుగుతుంది, అంటు కట్టొచ్చు. ఇసుక అడుగున ఒంటరిగా ఉండే కండగల పగడాలు కొన్ని ఉన్నాయి, మెల్లగా పెరుగుతాయి, సాగుకి లొంగవు. హాబీవాళ్లు ఎగబడేది వాటి మీదే. ఒక్కో లగూన్‌లో అలాంటివి ఏరేస్తే మళ్లీ రావడం కష్టం. వాటిని ఆపడం సబబే అని నేనంటాను. కానీ పెంచినవాణ్ణీ, కోసినవాణ్ణీ ఒకే గాటన కడితే, ఇక పెంచడమెందుకు? బల్లల మీద పగడాలు సైజు దాటి పెరిగిపోతుంటే, కొనేవాడు లేక, నాచు గీకే కూలీకి డబ్బుల్లేక, బల్లలు వదిలేస్తే ఆ ఊళ్లు మళ్లీ దేని వైపు చూస్తాయి?

అటు అమెరికా, యూరప్‌లలో ఏమైందో చూస్తే ఇంకా చిరాకు వస్తుంది. ధరలు పెరిగాయి. ఆస్ట్రేలియా పగడాలకి గిరాకీ పెరిగింది. అక్కడ క్వీన్స్‌లాండ్‌లో రాయితో కలిపి ఏడాదికి 200 టన్నుల కోటా పెట్టి అమ్ముతారు. ఇక ఇళ్లలో, గోడౌన్లలో ముక్కలు చేసి పెంచేవాళ్లకి పండగ. ఒకప్పుడు ఇండోనేషియా నుంచి పోయిన తల్లి పగడం నుంచి విరిచిన అంగుళం ముక్కకి ఓ ఫ్యాన్సీ పేరు పెట్టి వందల డాలర్లకి అమ్ముతారు. అందులో బాలి ఊరికి ఒక్క రూపాయి వెళ్లదు. రీఫ్‌కి మంచిదే, ఆ ముక్క సముద్రంలోంచి రాలేదు కాబట్టి. కానీ రీఫ్ పక్కన బతికేవాడికి ఆ రీఫ్‌ని కాపాడుకోవడానికి ఉన్న ఒక కారణం కూడా దాంతో పోయింది.

2019 అక్టోబర్‌లో సుసీ దిగిపోయారు. 2020 మొదట్లో సాగు చేసిన పగడాలకి ముందుగా గేటు తెరిచారు. అంతలోనే కోవిడ్. ప్రాణమున్న పగడం ప్యాసింజర్ విమానాల కింది అరలో ప్రయాణిస్తుంది. విమానాలే ఆగిపోతే పర్మిట్ చేతిలో పెట్టుకుని ఏం చేస్తారు?

ఇంకోటి చెప్పాలి. సుసీ తర్వాత వచ్చిన మంత్రి ఎధీ ప్రబోవో, ఆమె ఆపిన లాబ్‌స్టర్ పిల్లల ఎగుమతి, అంటే లాబ్‌స్టర్ సీడ్, మళ్లీ తెరిచారు. 2020 నవంబర్‌లో ఆ పర్మిట్ల లంచం కేసులోనే అరెస్టయ్యారు, 2021లో శిక్ష పడింది. ఇది పగడాల కేసు కాదు, కలిపేయకండి. కానీ గేటు మూసినా తెరిచినా, గేటు దగ్గర నిలబడ్డవాడి సంతకానికి రేటు పెరుగుతుంది.

చివరగా మన సంగతి, ఎందుకంటే కింద కామెంట్లలో కచ్చితంగా అడుగుతారు. మన్నార్ గల్ఫ్‌లో తూత్తుకుడి వైపు పగడాన్ని సున్నం కోసం, సిమెంటు కోసం దశాబ్దాల పాటు తవ్వారు. పడవల కొద్దీ. 2001లో రీఫ్ కట్టే పగడాలని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, అంటే పులి ఉన్న లిస్టులో. 2000ల మధ్యకల్లా అక్కడ తవ్వకం దాదాపు ఆగింది. షెడ్యూల్ 1 అంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అది బతికున్న పగడమా, ఎండిన కొమ్మా అని చట్టం తేడా చూడదు. కాబట్టి రామేశ్వరం యాత్రకి వెళ్లినప్పుడు ఎవరైనా గవ్వల పక్కన తెల్లటి పగడపు కొమ్మ చూపించి "షోకేసులో బావుంటుంది" అంటే వద్దనండి. హైదరాబాద్‌లో ట్యాంకు పెట్టాలని మోజుంటే సిమెంటు రాయి, నాలుగు చేపలతో మొదలుపెట్టండి. షాపువాడు రాతి పగడం చూపిస్తే, కాగితం అడగండి. మొహం ఎలా మారుతుందో చూసి కామెంట్‌లో రాయండి.